స్క్రోలింగ్‌లో ‘థ’ కనిపిస్తుందా? మా 43 ఇంచుల 4కె టీవీ, నాలుగు నెలల తర్వాత

తెనాలిలో అమ్మానాన్నల ఇంట్లో పదేళ్లు నడిచిన 32 ఇంచుల టీవీ పోయిన దసరాకి ముందు చెడిపోయింది. మొదట స్క్రీన్ ఎడమ పక్కన సన్నటి నిలువు గీత ఒకటి వచ్చింది, వారం తిరిగేసరికి అలాంటివి ఆరేడు అయ్యాయి, ప్యానెల్ మార్చాలంటే కొత్త టీవీ ధరలో సగం పైనే అవుతుందని మెకానిక్ చెప్పేశాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచుల కంటే పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా, ఈసారి కొంచెం పెద్దదే తీసుకుందాం అనుకున్నాం. ఆ నెలలోనే నాన్నకి రెండో కంటికి కూడా శుక్లాల ఆపరేషన్ అయింది. ఆయన దివాన్ కాట్ మీద కూర్చుని రోజుకి ఐదారు గంటలు వార్తలు చూస్తారు, అందులోనూ యాంకర్ మాటల కంటే కింద పరిగెత్తే స్క్రోలింగ్ మీదే చూపంతా. అందుకే తెలుగు అక్షరం స్పష్టంగా కనిపించాలి, అదొక్కటి కుదిరితే చాలు అనుకుని షాపుకి వెళ్లాను.

కొన్నది 43 ఇంచుల 4కె. నాలుగు నెలలు రోజూ వాడాక రాస్తున్నాను. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఏ కంపెనీ టీవీకైనా వర్తించేవే.

రిజల్యూషన్ అంటే స్క్రీన్ మీద అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అన్న లెక్క, అంతకు మించి ఏమీ లేదు. హెచ్‌డీ రెడీ అని అమ్మే టీవీలో 1366 × 768, అంటే పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో 1920 × 1080, దాదాపు 21 లక్షలు. 4కె అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షలు. 8కె అయితే 3 కోట్ల 30 లక్షల పైన, కానీ మనం ఇంట్లో చూసే ఛానెళ్లలో గానీ ఓటీటీల్లో గానీ దానికి తగ్గ సరుకు లేదు కాబట్టి దాని ఊసు ఇక్కడితో వదిలేస్తున్నా.

ఇంత జాగ్రత్త ఎందుకు పడ్డానంటే, నేను ఒకసారి మోసపోయాను. 2022లో హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి ఒక 43 ఇంచుల టీవీ కొన్నాను, పంతొమ్మిది వేలకి. డబ్బా మీద అరచేయంత అక్షరాలతో 4కె అని ఉంది, ఇంత తక్కువలో 4కె వస్తోందంటే ఇంకేం కావాలి అనుకున్నాను. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి ఎక్సెల్ షీట్ తెరిస్తే అంకెల అంచులు మసగ్గా, ఎర్రటి నీలపు నీడలతో కనిపించాయి. 8 ఏదో 6 ఏదో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. తీరా డబ్బా మళ్లీ తీసి చూస్తే, 4కె పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ‘సపోర్టెడ్’ అని ఉంది. అంటే 4కె వీడియో ఇస్తే తీసుకుంటుంది, కానీ చూపించడానికి లోపల ఉన్నది 1920 × 1080 ప్యానెలే. షాపుకి వెళ్లి అడిగితే, ‘సపోర్ట్ అనే రాశారు కదా మేడమ్, మేమేం అబద్ధం చెప్పలేదు’ అన్నారు. తిరిగి తీసుకోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. 32 ఇంచుల చిన్న టీవీల మీద ‘ఫుల్ హెచ్‌డీ సపోర్ట్’ అని రాసి హెచ్‌డీ రెడీ ప్యానెల్ అంటగట్టేది కూడా ఇదే పద్ధతిలో. అందుకని స్పెసిఫికేషన్లలో ‘డిస్‌ప్లే రిజల్యూషన్’ లేదా ‘ప్యానెల్ రిజల్యూషన్’ అన్న వరుసలో ఏ అంకెలున్నాయో అవే చూడండి. ఆ వరుసే లేకపోతే ఆ టీవీ జోలికి పోవద్దు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లగలిగితే ఇంకా మేలు, ఒక చుక్క నలుపు ఒక చుక్క తెలుపుగా ఉండే గళ్ల బొమ్మని 3840 × 2160 సైజులో పెట్టుకుని పూర్తి సైజులో చూపించండి, నిజమైన 4కె అయితే దగ్గరికి వెళ్లి చూసినప్పుడు గళ్లు విడివిడిగా కనిపిస్తాయి, కాకపోతే బూడిద రంగు అలుకు.

ఈసారి షాపుకి వెళ్లేముందు చేసిన పని టేపు పట్టుకుని హాలు కొలవడం. నాన్న కూర్చునే చోటు నుంచి గోడకి 9 అడుగులు. అమ్మ వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తుంది, అక్కడి నుంచి 13 అడుగులు, పైగా బాగా పక్కకి. గోడలో షోకేసు అర వెడల్పు 44 ఇంచులు. 55 ఇంచుల టీవీ అడ్డంగా 48 ఇంచులు ఉంటుంది కాబట్టి అది పట్టదు, 43 ఇంచులది 38 లోపే, చక్కగా కూర్చుంటుంది. సైజు అలా గోడే తేల్చేసింది.

ఇక చుక్కల లెక్క. మామూలు చూపున్న మనిషికి ఫుల్ హెచ్‌డీలో విడి చుక్కలు కనపడకుండా పోయేది స్క్రీన్ ఎత్తుకి మూడు రెట్ల దూరంలో, కాస్త అటూ ఇటూ. 4కెలో అది ఎత్తుకి ఒకటిన్నర రెట్లు. 43 ఇంచుల టీవీ ఎత్తు 21 ఇంచులు, మూడు రెట్లంటే 63, అంటే ఐదడుగుల పైచిలుకు. అంతకంటే వెనక్కి కూర్చునేవాళ్లకి 43 ఇంచుల్లో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ చుక్కల పరంగా తేడా తెలియడం చాలా కష్టం. నాన్నేమో తొమ్మిది అడుగుల్లో ఉన్నారు. 55 ఇంచులదైతే ఆ గీత ఏడడుగుల దగ్గర, 65 అయితే ఎనిమిది అడుగుల దగ్గర పడుతుంది, అంటే పెద్ద టీవీ పెట్టుకుని ఏడెనిమిది అడుగుల లోపు కూర్చునేవాళ్లకి 4కె డబ్బులు నిజంగానే కంటికి కనిపిస్తాయి. చిన్న పడకగదిలో 32 ఇంచులది పెట్టుకుని మంచం మీద నుంచి ఆరేడు అడుగుల దూరాన చూసేవాళ్లకి హెచ్‌డీ రెడీ సరిపోతుంది, దాన్ని కంప్యూటర్‌కి కలిపే పని ఉంటే మాత్రం వద్దు, అక్షరాలు ఏడిపిస్తాయి.

షాపులో మనకి చూపించేది వేరు. ఏ టీవీ చూసినా రామచిలకలు, నీటి బొట్లు, రాత్రిపూట మెరిసే ఊళ్లు, అన్నీ పెన్‌డ్రైవ్‌లో కంపెనీ ఇచ్చిన 4కె వీడియోలు, పైగా రంగులు పెంచేసిన మోడ్‌లో. వాటిని చూసి ఏ టీవీనీ తీసిపారేయలేం. ‘బాబూ, కేబుల్ కనెక్షన్ ఉందా, తెలుగు వార్తలు పెట్టు’ అంటే ఆ అబ్బాయి కాస్త తటపటాయించాడు. ‘ఇక్కడ సిగ్నల్ బాగుండదు మేడమ్’ అన్నాడు. మా ఇంట్లో కూడా బాగుండదు, అందుకే చూడాలి అన్నాను. చివరికి మూల నుంచి సెట్‌టాప్ బాక్స్ తెచ్చి పెట్టాడు. పక్కపక్కన రెండు 43 ఇంచుల టీవీలు, ఒకటి ఫుల్ హెచ్‌డీ 22 వేలు, ఇంకోటి 4కె 27 వేలు, రెండింటిలో ఒకే వార్తల ఛానెల్. ఆ షాపు నేల మీద టైల్స్ రెండడుగులవి, నాలుగున్నర టైల్స్ లెక్కపెట్టి వెనక్కి నడిచి నిలబడ్డాను. తేడా లేదు. కళ్లు చిట్లించి చూసినా లేదు.

అక్కడే నాకు అక్షరాల పరీక్ష తట్టింది. తెలుగు రాతలో చిన్న గీతలకీ చుక్కలకీ చాలా విలువ ఉంది. ద కింద చిన్న గీత పడితే ధ, దాని కడుపులో చుక్క పెడితే థ. అర్థం, అర్ధం రెండూ వేరే మాటలు, మధ్యలో తేడా ఒక్క చుక్క. ‘రాష్ట్ర’ అన్న మాటలో ష కింద ట ఒత్తు, మళ్లీ ర ఒత్తు, వార్తల స్క్రోలింగ్‌లో అది నిమిషానికోసారి వస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు సిగ్నల్ ఎంత నాసిగా ఉన్నా చదవొచ్చు, మన ఒత్తులు మాత్రం ముద్దయిపోతాయి. ఆ రెండు టీవీల్లోనూ ‘రాష్ట్ర’ కింద ఒక నల్లటి మచ్చే కనిపించింది. నాలుగడుగుల దగ్గరికి వెళ్లి చూశాను, అప్పుడూ మచ్చే, కాకపోతే 4కెలో ఆ మచ్చ అంచులు నున్నగా ఉన్నాయి. అంటే లోపం టీవీ చుక్కల్లో లేదు, లోపలికి వస్తున్న బొమ్మలోనే ఒత్తు లేదు.

ఎందుకో లెక్క వేస్తే తెలిసిపోతుంది. మామూలు ఎస్‌డీ ఛానెల్‌లో వచ్చేది మహా అయితే 720 × 576 చుక్కలు, నాలుగు లక్షల పదిహేను వేల లోపు. 4కె స్క్రీన్ నిండాలంటే దానికి సరిగ్గా ఇరవై రెట్లు కావాలి. వచ్చిన ప్రతి ఒక్క చుక్కకీ టీవీ మరో పంతొమ్మిది చుక్కలు తన ఊహతో నింపాలి. ఎంత మంచి టీవీ అయినా రాని ఒత్తుని ఎక్కడి నుంచి తెస్తుంది? ఫుల్ హెచ్‌డీ బొమ్మ వస్తే ఒక్కో చుక్కకి మూడు నింపితే చాలు, అడ్డంగా నిలువుగా సరిగ్గా రెండేసి రెట్లు కాబట్టి చాలా శుభ్రంగా వస్తుంది.

అయినా 4కెదే తీసుకున్నాను, ఎందుకో ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ ఫుల్ హెచ్‌డీ మోడల్‌లో ర్యామ్ 1 జీబీ, రిమోట్ నొక్కితే యాప్ తెరుచుకోవడానికి ఊపిరి బిగబట్టి చూడాల్సి వచ్చింది. 4కె దాంట్లో 2 జీబీ, వెలుతురు కూడా ఎక్కువ, మధ్యాహ్నం మా హాల్లో పడమటి కిటికీ ఎండ పడుతుంది కాబట్టి అది అవసరం. వేసవి సెలవులకి పిల్లలు వెళ్తే నేల మీద నాలుగడుగుల దూరంలో బోర్లా పడుకుని చూస్తారు, నేను వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ కలుపుకుంటాను, ఆ రెండు పనులకీ చుక్కలు పనికొస్తాయి. ఆ తేడా ఐదు వేలు ఎక్కువ భాగం ఆ మిగతా సంగతులకి ఇచ్చినవే, నాన్న వార్తల కోసం అయితే ఫుల్ హెచ్‌డీ చాలు.

టీవీ ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం నాన్న ముఖం చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది. పాత 32 ఇంచుల్లో ఏదో కనిపించిన బొమ్మ, 43లో పెద్దదై, మసకై, మనుషుల ముఖాలు మైనం పూసినట్టు అయ్యాయి. ‘ఏమ్మా, ఆపరేషన్ సరిగా జరగలేదంటావా?’ అని అడిగారు ఆయన. లేదు నాన్నా, కళ్లు బాగున్నాయి కాబట్టే మసక తెలుస్తోంది అన్నాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున షోకేసు వెనక చెయ్యి పెట్టి చూస్తే అసలు విషయం దొరికింది. సెట్‌టాప్ బాక్స్ పదేళ్ల నాటి ఎస్‌డీ బాక్స్, ఎరుపు తెలుపు పసుపు మూడు రంగుల వైర్లతో టీవీకి కలిపి ఉంది. బొమ్మంతా ఆ ఒక్క పసుపు వైరు మీదే వస్తోంది. 83 లక్షల చుక్కల టీవీ కొని దాని ముందు ఆ వైరు పెట్టాం. కేబుల్ ఆపరేటర్‌ని పిలిచి 1200 ఇచ్చి హెచ్‌డీ బాక్స్ మార్పించాను, హెచ్‌డీఎంఐ వైరుతో కలిపాడు, వినోదం ఛానెళ్లలో నాలుగింటిని హెచ్‌డీకి మార్చాం, నెలకి దాదాపు తొంభై రూపాయలు పెరిగింది. కొంత మెరుగైంది గానీ హెచ్‌డీ ఛానెల్ పెట్టినా ఇంకా మెత్తగానే ఉంది. ఇదేమిటని బాక్స్ మెనూలోకి వెళ్లి చూస్తే వీడియో అవుట్‌పుట్ 576పి దగ్గర ఉంది, అంటే నిలువుగా 576 చుక్కలే, ఎస్‌డీ లెక్క! దాన్ని 1080ఐకి మార్చగానే, నిజంగా కిటికీ అద్దం తుడిచినట్టు అయింది. బాక్స్ కొత్తదైనా, వైరు కొత్తదైనా, ఈ ఒక్క సెట్టింగ్ మార్చకుండా వెళ్లిపోయే ఆపరేటర్లు ఉంటారు, కాబట్టి మీ ఇంట్లో ఇవాళే చూసుకోండి.

నాన్న చూసే వార్తల ఛానెల్ మాత్రం మా ఆపరేటర్ దగ్గర ఎస్‌డీలోనే ఉంది. దానికి విరుగుడు యూట్యూబ్ లైవ్. అదే ఛానెల్ అక్కడ 1080పిలో వస్తోంది, ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది, దానికి ఐదారు ఎంబీపీఎస్ వేగం చాలు. రిమోట్‌లో యూట్యూబ్ బటన్ నొక్కి పైనున్న మొదటి బొమ్మ మీద ఓకే అనడం నాన్నకి రెండు రోజుల్లో అలవాటైంది. ఇప్పుడు ‘రాష్ట్ర’లో రెండు ఒత్తులూ విడివిడిగా కనిపిస్తున్నాయి, తొమ్మిది అడుగుల నుంచి, కళ్లజోడు లేకుండా. మొదటి రోజు ఆయన స్క్రోలింగ్‌లో వచ్చిందల్లా పైకి చదువుతూ కూర్చున్నారు, ధాన్యం ధర దగ్గర నుంచి రైళ్ల వేళల దాకా, అమ్మ వంటింట్లోంచి ‘వినిపిస్తోందండీ, కొంచెం ఆపండి’ అనేదాకా.

ఇంకో చిన్న సర్దుబాటు, టీవీలో షార్ప్‌నెస్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 50 దగ్గర ఉంది, ఎస్‌డీ ఛానెల్‌లో ప్రతి అక్షరం చుట్టూ తెల్లటి నీడ. 10కి తగ్గించాను, నీడ పోయింది. పేరుని చూసి పెంచితే స్పష్టత పెరుగుతుందనుకుంటాం, ఒక హద్దు దాటాక అది గీతల్ని పాడు చేస్తుంది.

4కె బొమ్మ నిజంగా చూడాలంటే ఓటీటీయే గతి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే నెలకి 649 రూపాయల ప్రీమియం ప్లాన్ ఉండాలి, 499 ప్లాన్‌లో 1080పి దాకానే, 199 దాంట్లో 720పి. నెట్ కనీసం 15 ఎంబీపీఎస్ ఉండాలని వాళ్లే చెప్తారు, గంటకి 7 జీబీ దాకా ఖర్చవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకి రోజుకి 2 జీబీ ప్యాక్ పావుగంటకి కాస్త పైన అయిపోతుంది. టీవీ కొనేటప్పుడు ఈ నెలవారీ ఖర్చు ఎవరూ చెప్పరు. అమ్మానాన్నలకి ఆ ప్లాన్ తీసుకోలేదు, అవసరం లేదు. కానీ యూట్యూబ్‌లో 4కెలో తీసిన ముగ్గుల వీడియో ఒకటి పెడితే అమ్మ పీట మీద నుంచి లేచి వచ్చి టీవీకి రెండడుగుల దూరంలో నిలబడి, పిండి నేల మీద పడ్డప్పుడు రాలే పలుకులు చూపించి ‘ఇది బియ్యప్పిండి కాదే, రాతిముగ్గు’ అంది. 13 అడుగుల నుంచి అది ఆమెకి తెలియలేదు, రెండడుగుల నుంచి తెలిసింది. దూరం లెక్క నేను ఎన్ని ఇంచుల్లో చెప్పినా ఇంత బాగా చెప్పలేను.

హెచ్‌డీఆర్ అని పెట్టె మీద రాసి ఉంది, అంటే వెలుగునీ చీకటినీ ఇంకా ఎక్కువ తేడాతో చూపించే పద్ధతి. ఈ ధరలో దాని మీద ఆశ పెట్టుకోకండి, ఆ వీడియోలకి కావలసినంత వెలుతురు ఈ ప్యానెల్‌కి లేదు, చీకటి సీన్లు ఇంకా చీకటిగా కనిపిస్తున్నాయి. పక్క నుంచి చూస్తే రంగులు పాలిపోతున్నాయి, అమ్మ కూర్చునే చోటు నుంచి ఎర్రచీర గులాబీ రంగులో ఉంటోంది. ఇది నేను షాపులోనే చూసుకోవలసింది, నాలుగున్నర టైల్స్ వెనక్కి నడిచానే గానీ పక్కకి నడవలేదు. మీరు నడవండి. ఇంట్లో పక్క నుంచి చూసేవాళ్లుంటే ఐపీఎస్ ప్యానెల్ అడగండి, నలుపు కాస్త తగ్గినా పక్క నుంచి రంగు నిలబడుతుంది. సౌండ్ సన్నగా ఉంది, మాటలు వినిపిస్తాయి గానీ ఫ్యాన్ ఐదులో పెడితే పెంచుకోవాలి. బిగించడానికి వచ్చినతను గంటలో పని ముగించి శుభ్రంగా ఊడ్చి మరీ వెళ్లాడు, అందుకు సంతోషం.

ఒక తలనొప్పి మిగిలింది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కోసారి సెట్‌టాప్ బాక్స్ మళ్లీ 576పికి వెళ్లిపోతోంది, నాన్న ఫోన్ చేసి ‘అమ్మాయ్, ఒత్తులు మళ్లీ పోయాయి’ అంటారు. పోయిన వారం వెళ్లినప్పుడు మెనూ, సెట్టింగ్స్, వీడియో, 1080ఐ, ఓకే అని వరుసగా అట్టముక్క మీద స్కెచ్ పెన్‌తో పెద్ద అక్షరాల్లో రాసి షోకేసు తలుపు లోపలి వైపు అంటించి వచ్చాను.